విచారణ మారింది, విచారణ జరగలేదు

మా అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లు. కొట్టే బోర్లకు మాత్రం లెక్క లేదు. నీళ్లు పడకపోతే బోరు బండి పక్క చేనుకు పోతుంది, ఎండిన బోరు నోరు తెరుచుకుని అక్కడే ఉంటుంది. దయగల రైతు కేసింగు పైపు మూతికి గోనెసంచి కట్టి పైన ఒక రాయి పెడతాడు. కొందరు ఆ పైపు కూడా పీక్కుని పోతారు. పైపు ఖరీదు మరి! ఆ గుంతల్లో పసిపిల్లలు పడి చస్తుంటే, పనికిరాని బోరును మట్టితో పూడ్చండని 2010లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

ఈ బోరు విద్యను మాకంటే బాగా ఒంటబట్టించుకున్నవారు కతోలిక పీఠాధిపతులు. పిల్లల మీద చెయ్యి వేసిన ఫాదరును బండెక్కించి పక్క ఊరికి పంపడం, వెనక ఉన్న గుంత సంగతి మరిచిపోవడం. బోస్టన్‌లో ఏళ్ల తరబడి ఇదే సేద్యమని 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది. మన కతోలికులు పారిష్‌ను ‘విచారణ’ అంటారు. ఎవరు పెట్టారో గానీ, వాళ్లకు ముందుచూపు ఉంది. ఫాదరుకు విచారణ మారుతుంది, విచారణ జరగదు.

ఊటీ మేత్రాసనం (డయోసిస్) ఫాదర్ జోసెఫ్ జయపాల్ సంగతి చూడండి. అమెరికాలోని మిన్నెసోటాలో పనిచేసి 2005లో తిరిగొచ్చాడు. అక్కడ పిల్లల కేసు కాచుక్కూర్చుంటే, ఇక్కడ ఆయనకు అప్పగించిన పని మేత్రాసనం బడుల్లో టీచర్ల నియామకాల కాగితాలు చూడటం! 2012లో అరెస్టయ్యాడు. అమెరికాకు అప్పగిస్తే 2015లో నేరం ఒప్పుకున్నాడు. 2016లో ఊటీ పీఠాధిపతి, రోమును అడిగి మరీ, ఫాదరుగా ఆయన మీదున్న సస్పెన్షన్ ఎత్తేశారు.

మన హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన ఫాదర్ జాన్ ప్రవీణ్‌కు రాపిడ్ సిటీలో ఊరు మారే వెసులుబాటు దొరకలేదు. 13 ఏళ్ల పిల్ల విషయంలో 2018లో అరెస్టు, 2019లో ఆరేళ్ల జైలు. అదే నేరం మా పల్లెలో జరిగుంటే? వేరుశనగ ఎండి అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోతూ పిల్లను హాస్టల్లో వదులుతారు. హాస్టలు ఫాదరుగారిది, బడి ఫాదరుగారిది, పాపసంకీర్తనం వినే చెవీ ఫాదరుగారిదే. ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి?

పిల్లల మీద లైంగిక నేరాలకు పోక్సో చట్టం 2012 నుంచీ ఉంది. కింది మనిషి చేసిన నేరం తెలిసీ పోలీసులకు చెప్పని సంస్థ పెద్దకు 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. రోముకు ఉత్తరం రాయడానికి కవరు దొరుకుతుంది గానీ, పక్క వీధి పోలీస్ స్టేషనుకు దారి దొరకదు పాపం.

కొత్త ఫాదరు వచ్చిన ఆదివారం పూలదండలు, మేళం, పలావు. ఆ సందట్లో “పాత విచారణ ఎందుకు వదిలొచ్చినారు సామీ?” అని అడిగిన సంఘపెద్దను నేనింతవరకు చూళ్లేదు.