సూరత్‌లో నాలుగు భాషలు ఉచితం, రెండు భాషలకు ఫీజు

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే లింబాయత్ నుంచి డిండోలి దాకా కరెంటు స్తంభాలన్నీ విద్యావేత్తలైపోతాయి. ఒక స్తంభం 'ఫుల్ డే కిండర్‌గార్టెన్' అంటుంది. పక్క స్తంభం 'డ్యూయల్ లాంగ్వేజ్ కిండర్‌గార్టెన్' అంటుంది. రెండింటి మీదా ఒకే పాప నవ్వుతుంటుంది. ఆ పాప ఈ ఊళ్లో ఎవరికీ కూతురు కాదు. సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టు దిగి వస్తున్న సిరిసిల్ల తండ్రి ఆ స్తంభాల నడుమ ఆగి, మూడున్నరేళ్ల కొడుకును దేనికి కట్టేయాలా అని మెడ నొప్పెట్టేదాకా చూస్తాడు.

ఆయనకు సాయపడదాం. ఏం కొనాలో తేల్చేముందు ఇంట్లో ఏముందో చూసుకోవడం సంసారుల పద్ధతి. కాబట్టి ముందు పిల్లాడి ఆస్తి లెక్క తీద్దాం.

నాయనమ్మతో వాడు మాట్లాడేది తెలుగు, అదీ కరీంనగర్ యాస చెక్కుచెదరకుండా. పక్కింటి ఖాందేశ్ పిల్లలతో కొట్లాడేది మరాఠీలో. రాజీపడి గోటీలాడేది హిందీలో. కిరాణా కొట్లో చాక్లెట్ అడిగేది గుజరాతీలో, అలా అడిగితే కాకా ఇంకొకటి చేతిలో పెడతాడని వాడు కనిపెట్టాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఫీజు కట్టలేదు. ఎవరిని చూస్తే ఏ భాష తీయాలో వాడికి తెలుసు, ఒక్కసారి కూడా తడబడడు.

ఇంత ఆస్తిపరుణ్ని తీసుకెళ్లి స్కూలు ఆఫీసులో కూర్చోబెడతారు. 'వాట్ ఈజ్ యువర్ నేమ్, బేటా?' అంటుంది మేడమ్. వాడు ఆమె టేబుల్ మీది గ్లోబును తిప్పడం మొదలుపెడతాడు. మేడమ్ ఫారం మీద ఏదో గీకి, తండ్రి వైపు వంగి, డాక్టరు రిపోర్టు చెప్పినంత మెల్లగా హిందీలో చెబుతుంది: 'పిల్లాడికి లాంగ్వేజ్ లేదండీ. మీరేం భయపడకండి. మా దగ్గర రెండున్నాయి.'

ఆ రెండు ఏవో చూద్దాం. ద్విభాషా బడి అనేది నిజంగానే ఉంది, మనం దాన్ని కాదనడం లేదు. 1963లో అమెరికాలోని మయామీలో కోరల్ వే ప్రాథమిక పాఠశాలలో దాన్ని మొదలుపెట్టారు. క్యూబా నుంచి వచ్చిన స్పానిష్ పిల్లలూ, స్థానిక ఇంగ్లీషు పిల్లలూ ఒకే బడిలో చేరారు. చదువు కొంత ఈ భాషలో, కొంత ఆ భాషలో. ఒక పూట వీళ్లు తెలిసినవాళ్లు, ఇంకో పూట వాళ్లు తెలిసినవాళ్లు. 1965లో కెనడాలో, మాంట్రియల్ పక్కన సాన్ లాంబేర్‌లో, ఇంగ్లీషు తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ ఫ్రెంచిలో పెట్టించుకున్నారు. రెండు చోట్లా పిల్లాడి ఇంటి భాషను గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రమ్మన్నవాళ్లు లేరు. దాని పక్కనే రెండోదాన్ని నిలబెట్టారు.

మన స్తంభాల మీది డ్యూయల్ లాంగ్వేజ్ అంతకంటే సులువు. రైములు ఇంగ్లీషులో, తిట్లు హిందీలో. రంగుల పేర్లు ఇంగ్లీషులో, 'చుప్ బైఠో' హిందీలో. మొత్తం మీద నిజంగానే రెండు. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని ఊరుకోబెట్టే ఆయమ్మ మాట్లాడేది మూడో భాష, అది బ్రోచర్‌లో ఉండదు. ఆ భవనం మొత్తంలో పిల్లలకు అర్థమయ్యే మనిషి ఆమె ఒక్కతే. జీతాల పట్టికలో ఆమె పేరు అట్టడుగున ఉండటం విద్యారంగం తాలూకు సంప్రదాయం.

ఇక ఈ స్కూళ్ల అసలు సిలబస్ పేరెంట్స్ మీటింగులో బయటపడుతుంది. 'ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి. తెలుగు మాట్లాడితే కన్‌ఫ్యూజ్ అవుతాడు.' గల్లీలో నాలుగు భాషలకు కన్‌ఫ్యూజ్ కానివాడు, క్లాసులో రెండింటికి అవుతాడట. సరే, తల్లి ఆజ్ఞ శిరసావహిస్తుంది. పొద్దంతా చీరల దారాలు కత్తిరిస్తూ, స్టోన్లు అంటిస్తూ ఉండే ఆమెకు వచ్చిన ఇంగ్లీషు మూడు ముక్కలు: కట్ పీస్, డిజైన్ నంబర్, రిటర్న్ మాల్. కొడుకు ఆకలంటే ఏమనాలి? 'డిజైన్ నంబర్?' అనాలి. వాడు అన్నం వద్దంటే 'రిటర్న్ మాల్' అని కంచం వెనక్కి తీసుకోవాలి. నాయనమ్మ సంగతి మరీ తేలిక. ఆమెకు ఆ మూడు ముక్కలూ రావు కనుక అసలు నోరే విప్పొద్దన్నారు. కథలు చెప్పే మనిషిని ఇంట్లో మూగదాన్ని చేసి, 'స్టోరీ టెల్లింగ్ యాక్టివిటీ' పేరుతో టర్ముకింత అని బయట కొనుక్కొస్తున్నాం.

పుట్టుకతో నేతగాళ్లైన మనవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పడుగు తెంపేసి, పేక మాత్రం గజాల చొప్పున అమ్ముతామంటే మార్కెట్లో ఎవరైనా కొంటారా? బడి దగ్గర మాత్రం వాయిదాల పద్ధతిలో కొంటున్నాం.

రెండో స్తంభం మాటేమిటి? ఫుల్ డే బడి పిల్లల మెదడు పెంచుతుందని ఫ్లెక్సీ చెబుతుంది. తండ్రి పన్నెండు గంటలు కార్ఖానలో ఉంటాడనీ, తల్లి పీసుకింత లెక్కన ఇంట్లోనే పని చేస్తుందనీ, పిల్లాణ్ని చూసుకునే మనిషి కావాలనీ మాత్రం చెప్పదు. అందులో సిగ్గుపడాల్సిందేముంది? పొద్దంతా పిల్లల్ని చూసే చోటు ఉండటం కష్టజీవుల హక్కు. ఆడవాళ్లు ఎక్కువమంది పనిచేసే చోట శిశుగృహం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే రాసింది. ఇంటి గడప మీద కూర్చుని దారాలు కత్తిరించే తల్లికి ఫ్యాక్టరీ ఏది, యజమాని ఎవడు? ఆమె చట్టానికి అందదు, ఫ్లెక్సీకి అందుతుంది. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ గల్లీలో ఉంది గానీ, దాని పూట తొందరగా అయిపోతుంది. షిఫ్టు అవదు.

కెనడాలోని అంటారియోలో 2010 నుంచి 2014 లోపు నాలుగైదేళ్ల పిల్లలందరికీ సర్కారు బడుల్లోనే ఫుల్ డే కిండర్‌గార్టెన్ పెట్టారు. ఫీజు లేదు. టీచరుకు తోడు పసిపిల్లల సంరక్షణలో శిక్షణ పొందిన మనిషి ఉంటుంది, చదువంతా ఆట మీద నడుస్తుంది. మన ఫుల్ డేలో మధ్యాహ్నం పన్నెండున్నర దాకా నర్సరీ, తర్వాత టిఫిన్ డబ్బా, ఆ తర్వాత టీవీ. మెదడు పెరగడం బహుశా కార్టూన్ల విరామంలో జరుగుతుంది.

'మరి సర్కారు ఏం చేస్తోంది' అంటారా? సర్కారుకు మాతృభాష అంటే ప్రాణం. రాజ్యాంగంలోని 350ఎ అధికరణ 1956 నుంచీ అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు సొంత భాషలో దొరికేలా చూడమంటోంది. 2020 జాతీయ విద్యా విధానం, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంది. సూరత్ నగరపాలిక గొప్పతనం ఒప్పుకోవాలి: గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతోంది. 2023లో గుజరాత్ శాసనసభ ఒకటి నుంచి ఎనిమిది దాకా గుజరాతీ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. తప్పిన స్కూలుకు మొదటిసారి 50 వేలు, రెండోసారి లక్ష, మూడోసారి 2 లక్షలు జరిమానా.

అన్నీ బాగున్నాయి. కానీ విద్యాహక్కు చట్టం ఆరేళ్లకు మొదలవుతుంది. గుజరాతీ చట్టం ఒకటో తరగతికి మొదలవుతుంది. ఒకటో తరగతిలో చేరాలంటే ఆరేళ్లు నిండాలని గుజరాత్‌లో 2023-24 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. మూడు నుంచి ఆరు దాకా? ఆ మూడేళ్లూ కరెంటు స్తంభాలవి. భాష గట్టిపడే వయసంతా వ్యాపారానికి వదిలేసి, గట్టిపడ్డాక చట్టం వచ్చి కాపలా కూర్చుంటుంది.

ఇక్కడ మన తండ్రి మాట కూడా వినాలి. 'తెలుగు మీడియంల ఏస్తే రేపు కాలేజీకి యాడికి పోవాలె సార్? మల్ల సాంచాల కాడికేనా?' ఈ ప్రశ్నను వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. సూరత్‌లో ఇంగ్లీషు కావాలి, గుజరాతీ ఇంకా ముందు కావాలి. రింగ్ రోడ్డు మార్కెట్లో లెక్క రాయాలన్నా, సేఠ్‌తో కూలి గట్టిగా అడగాలన్నా అవసరమే. అయితే బస్సెక్కడానికి ఇల్లు తగలబెట్టాలని ఆయనకు ఎవరు చెప్పారు? నాలుగు భాషలు మోస్తున్నవాడికి ఐదోది బరువు కాదు. మొదటిదాన్ని పీకేస్తేనే ఐదోది వస్తుందన్నది టీచర్లు లేని బడులు కనిపెట్టిన సిద్ధాంతం. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర పిల్లల కోసం తానే సవర నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. ఆయన లెక్కలో భాష నేర్చుకోవాల్సింది ముందు పంతులు. ఇదే గుజరాత్‌లో గిజూభాయి బధేకా వకీలు వృత్తి వదిలి, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టి, పిల్లల్ని కథలతో గెలిచాడు. జనం ఆయన్ని 'మీసాల అమ్మ' అన్నారు. ఇవాళ ఏ డ్యూయల్ లాంగ్వేజ్ స్కూలూ ఆయన్ని తీసుకోదు. కథలన్నీ గుజరాతీలోనే చెబుతాడాయె.

ఇంగ్లీషు గొప్పదనం గురించి సూరత్‌కు పాఠం చెప్పడం మరీ సాహసం. 1608 ఆగస్టు 24న 'హెక్టర్' ఓడ దిగిన విలియం హాకిన్స్‌తో ఇంగ్లీషు వ్యాపారం ఈ దేశంలో అడుగుపెట్టింది ఇక్కడే. ఆయన ఆగ్రా వెళ్లి జహంగీర్ మనసు దోచింది ఇంగ్లీషుతో కాదు. చక్రవర్తికి వచ్చిన తుర్కీ తనకూ వచ్చు కనుక అందులో మాట్లాడాడు, దర్బారులో చోటు సంపాదించాడు. మన మేడమ్ ఆ దర్బారులో ఉండుంటే ఫారం మీద రాసేది: 'జహంగీర్, లాంగ్వేజ్ లేదు.' అదే ఆగస్టు 24న, 1833లో, ఈ ఊళ్లోనే కవి నర్మద్ పుట్టాడు, గుజరాతీకి నిఘంటువు కట్టాడు. ఆ రోజున ఏటా గుజరాతీ భాషా దినం జరుపుతారు. మర్నాటి నుంచి స్తంభాలు యథాప్రకారం.

మన తెలుగు సంఘాలూ తక్కువ తినలేదు. బతుకమ్మకు లింబాయత్ కిక్కిరిసిపోతుంది, వేదిక మీద తల్లి భాష గురించి మైకు పగిలేలా మాట్లాడతారు. 'మీవాడు ఏ బడి?' అని వక్తను అడగడం మర్యాద కాదు కనుక అడగం.

అడగాల్సింది స్కూలు ఆఫీసులో. తండ్రి ఈసారి ఇంటర్వ్యూ ఇచ్చే కుర్చీ వదిలి, తీసుకునే కుర్చీలో కూర్చోవాలి. రెండో భాష ఏది, వారానికి ఎన్ని గంటలు, చెప్పేది ఎవరు? మధ్యాహ్నం తర్వాత నా కొడుకు ఏం చేస్తాడు? వాడు తెలుగులో 'కడుపు నొస్తుంది' అంటే అర్థమయ్యే మనిషి ఇక్కడ ఒక్కరైనా ఉన్నారా? ఇంట్లో తెలుగు ఆపమంటారా? చివరిదానికి 'అవును' అన్న స్కూలు మిగతా జవాబులన్నీ రాసిచ్చినా సరే, డబ్బు కట్టకూడదు.

సంఘాలకు ఒక సలహా. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగా ఉండే హాలు ఒకటి తెరవండి. పని కోసం చూసే నాయనమ్మలు గల్లీకి పదిమంది ఉన్నారు, వాళ్లకు తోడు శిక్షణ ఉన్న టీచరునొకరిని పెట్టండి, అందరికీ జీతమివ్వండి. అంగన్‌వాడీ మూసిన దగ్గర్నుంచి షిఫ్టు దిగేదాకా నడపండి. ఒక్క పండగ ఫ్లెక్సీలు మానుకుంటే మొదటి నెల ఖర్చు వెళ్లిపోతుంది. అది ఫుల్ డే అవుతుంది, రెండు కాదు నాలుగు భాషలవుతుంది. నాయకుల ఫొటోలకు చోటుండదన్నదొక్కటే ఇబ్బంది. ఆ ఒక్క ఇబ్బంది కోసమే ఈ సలహాను కమిటీకి పంపించి, కమిటీని వచ్చే బతుకమ్మ దాకా వాయిదా వేస్తారని తెలిసే రాస్తున్నాను.