పికప్ బరువుల పలకకు టీకా తాత్పర్యం

అవతారిక: బ్రిటన్‌లో వీపున క్యాంపర్ మోస్తూ వెనక ట్రైలర్ లాగబోయే ప్రతి పికప్‌కూ ఒక మూలగ్రంథం ఉంటుంది. తలుపు పక్కనో బానెట్ కిందో కనిపించే ఆ చిన్న పలక నాలుగు పాదాల పద్యం. కర్త, బండి తయారీదారు. ఛందస్సు, కిలోగ్రాములు. ఒక నమూనా పాఠం:

మూలం:
3,200 కేజీ
6,000 కేజీ
1 – 1,500 కేజీ
2 – 1,900 కేజీ

ప్రతిపదార్థం: 3,200 = బండి, క్యాంపర్, మనుషులు, మూటాముల్లె కలిపి మించరాని బరువు; 6,000 = ట్రైలర్‌తో సహా మొత్తం; 1,500 = ముందు ఇరుసు మోయదగినది; 1,900 = వెనక ఇరుసు మోయదగినది.

విశేషం: చివరి రెండు పాదాలు కలిపితే 3,400 అవుతుంది. ఇది కవి పొరపాటు కాదు. బరువు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు మొగ్గుతుంది కనుక ఇరుసులకిచ్చిన వెసులుబాటు. మొత్తానికి మాత్రం మొదటి పాదమే హద్దు.

అన్వయం: ఖాళీ బండి 2,200 కిలోలనుకుంటే మిగిలేది 1,000. క్యాంపర్‌కు 650, నీళ్లకూ గ్యాసుకూ సామానుకూ 200, మనుషులకు 100 పోతే చేతిలో ఉన్నది 50. ట్రైలర్ ముక్కు కొక్కెం మీద 100 కిలోలు మోపితే అప్పుడే హద్దు దాటినట్టు. కొక్కెం ఇరుసుకు బాగా వెనక ఉండటం వల్ల ఆ 100 వెనక ఇరుసు మీద అంతకు మించి పడుతుంది; ముందు ఇరుసు తేలికవుతుంది, స్టీరింగ్ పట్టు సడలుతుంది.

ఆక్షేపం: ఈ బండి 3,500 కిలోల ట్రైలర్ లాగుతుందని అమ్మకందారు కరపత్రం చెబుతోంది కదా?
సమాధానం: లాగుతుంది, వీపు ఖాళీగా ఉంటే. బండే 3,200 తూగినప్పుడు రెండో పాదం ప్రకారం ట్రైలర్ చక్రాలకు మిగిలేది 2,800.

ఆక్షేపం: గట్టి కమాను పట్టీలు, ఎయిర్ సస్పెన్షన్, ఎక్కువ బరువు మోసే టైర్లు వేయిస్తే?
సమాధానం: అవి వ్యాఖ్యానాలు. కుంగిన వెనకభాగాన్ని లేపుతాయి, మలుపుల్లో ఊగడాన్ని తగ్గిస్తాయి. మూలంలో అంకె మార్చవు. మూలంలో లేనిది రాయకూడదన్న కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం ఇక్కడ మెకానిక్‌కు వర్తిస్తుంది. అధికారికంగా కొత్త పలక పడితేనే పాఠం మారుతుంది. అలా మొదటి పాదం 3,500 దాటితే డీజిల్ పికప్‌కు మామూలు కారు లైసెన్స్ అయిన బి చాలదు, సి1 కావాలి. చేయించిన మార్పులు బీమా సంస్థకు చెప్పాలి.

శాస్త్రాంతరం: ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2021 డిసెంబరు 16 నుంచి బి లైసెన్స్‌తోనే, వేరే పరీక్ష లేకుండా, 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగవచ్చు. ట్రైలర్‌కు బ్రేకులు లేకపోతే 750 కిలోలు, లేదా ఖాళీ బండి బరువులో సగం, ఏది తక్కువైతే అది. ట్రైలర్‌తో గరిష్ఠ వేగం మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు. ఊరి బయట, నడుమ విభజన లేని రోడ్డు మీద 50.

తాత్పర్యం: క్యాంపర్ కొనకముందే పలక చదవాలి. ప్రయాణానికి సర్దిన బండిని వేబ్రిడ్జి ఎక్కించి ఇరుసు ఇరుసుగా తూచాలి. వాహన ప్రమాణాల సంస్థ డీవీఎస్ఏ తనిఖీదారులు దారిలో ఆపినప్పుడు మూలమే ప్రమాణం. బరువు మించిన బండిని, అదనం దించేదాకా కదలనివ్వకుండా ఆపే అధికారం వారికుంది.