సర్టిఫికెట్ సారు

రాయ్‌పూర్ దగ్గర మందిర్ హసౌద్‌లో తెలుగువాళ్ల ఇంట పదో తరగతి పిల్లాడున్నాడంటే సర్టిఫికెట్ సారుకి కబురెళ్లాల్సిందే. ఆయన కెరీర్ కౌన్సెలర్. మన దేశంలో ఆ బోర్డు పెట్టుకోడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ లోటు ఆయన్ని బాగా బాధించినట్టుంది, గోడ కనపడకుండా సర్టిఫికెట్లు తగిలించారు.

ఆదివారం వచ్చిందంటే వెబినార్. చేరగానే చాట్‌లో 'రాయ్‌పూర్ నుంచి గుడీవినింగ్' అని కొట్టి, కెమెరా ఆపి, మైకాపి, సంచీ పట్టుకుని కూరల బజారుకి వెళ్తారు. వంకాయలు బేరమాడి ఫీడ్‌బ్యాక్ ఫారం వేళకి వచ్చేస్తారు. ఆ వేళ మాత్రం ఏనాడూ తప్పలేదు. రాత్రికి ఈ-సర్టిఫికెట్, పొద్దున్నే లామినేషన్.

"టీచర్లకి ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది 2020 జాతీయ విద్యావిధానం. నేను ఉగాదికే దాటేశానండీ!" అంటారు. ఆయన టీచరు కారని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ వృత్తి సలహా కేంద్రం పెట్టిన దగ్గర మొదలెడితే జాన్ హాలండ్ చెప్పిన ఆరు రకాల మనుషుల దాకా ఆగరు. నిజానికి పార్సన్స్ మాట చాలా తేలిక: పిల్లాణ్ణి తెలుసుకో, పనుల్ని తెలుసుకో, ఆ రెండూ కలుస్తాయేమో చూడు. సారుకి మొదటిదే కుదరదు. పిల్లాడు నోరు విప్పడానికి సందు దొరకాలి కదా! ఎదుటివాళ్ల మాట వినడం మీద కూడా ఆయనకి సర్టిఫికెట్ ఉంది, బంగారు అంచుది.

మొన్న విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ కొడుకుని తీసుకొచ్చింది.

"మా గుంటడికి లారీ ఇంజన్లంటే పిచ్చి బాబూ. హైవే మీద మెకానిక్ షెడ్డు వదిలి రాడు. ఏటి చదివించమంటారు?"

సారు అరవై ప్రశ్నల కాగితం నింపించి, కూడి, తలాడించారు.

"అమ్మా, మీవాడు హాలండ్ లెక్కలో మొదటి రకం. పనిముట్లు, యంత్రాలు. నూటికి నూరుపాళ్లు!"

"అయితే ఏటి చదవాల బాబూ?"

"కంప్యూటర్ సైన్స్."

ఊరి పక్కనే 53వ నంబరు జాతీయ రహదారి, రాత్రీ పగలూ లారీలు. అటు నవా రాయ్‌పూర్. ఏ పనికి మనుషులు దొరకడం లేదో ఒక పూట ఆ షెడ్లలో కూర్చుంటే తెలిసిపోతుంది. అదీ శిక్షణే, కాకపోతే దానికి సర్టిఫికెట్ ఇవ్వరు.

మీరెప్పుడైనా ఆయన దగ్గరికి వెళ్తే, ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఎన్నాళ్లో అడిగి చూడండి. తడబడితే మీరే చెప్పండి: ఏడాది. పది పాసైతే చాలు.