లిఫ్టు పక్క నోటీసుకు టీకా తాత్పర్యం

మూలము: బాల్కనీ కుండీలకు నీళ్లు పోయువారు క్రింది అంతస్తు వారిని దృష్టిలో ఉంచుకొని పోయవలెను.

అవతారిక: హైదరాబాదున మా అపార్ట్‌మెంటులో, మూడవ అంతస్తున ఆరవేసిన గద్వాల చీరపై ఎర్రమట్టి నీళ్లు పడిన మర్నాడు అసోసియేషన్ కార్యదర్శిగారు ఈ వాక్యమును అంటించిరి. నాలుగవ అంతస్తు నాది. కనుక వ్యాఖ్యానాధికారము నాకు కలదు.

ప్రతిపదార్థము: బాల్కనీ = వాషింగ్ మిషను, ఖాళీ సిలిండరు, పిల్లవాని పాత సైకిలు పోగా మిగిలిన చోటునందలి; కుండీలకు = 12 అంగుళాల గ్రోబ్యాగులకు, పెయింటు డబ్బాలకు, చెవి ఊడిన బకెట్లకు (నిజమైన కుండీ ఒక్కటే, అది తులసమ్మది); నీళ్లు = ట్యాంకరు నీళ్లు, బియ్యము కడిగినవని పాఠాంతరము; పోయువారు = నేను; క్రింది అంతస్తు వారిని = చీర గలవారిని; దృష్టిలో ఉంచుకొని = గురి చూసి; పోయవలెను = స్పష్టము.

విశేషము: "గురి చూసి" యను అర్థము కూడదని కార్యదర్శిగారు స్వయముగా తలుపు తట్టి చెప్పిరి. మూలకర్తయే వచ్చి వ్యాఖ్యాతతో కలహించుట అరుదు.

శంక: అడుగున ప్లేటు పెట్టిన చాలదా? చాలదు. నిలిచిన నీట డెంగీ దోమ గుడ్లు పెట్టును, వారం పది దినములకు రెక్కలతో లేచును. అందువలన మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు కలుపుట మేలు. అది నీటిని పట్టి ఉంచును, బరువూ తగ్గించును. తడిమట్టి లీటరుకు కిలోన్నరకు పైగా తూగును. 20 లీటర్ల సంచి 30 కిలోలు దాటును. మన నేలయే క్రిందివారి కప్పు గనుక ఇదియు దృష్టిలో ఉంచుకొనుటయే.

పూర్వాచార్య మతము: కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నారపల్లిలో తమ డాబాపై కూరగాయలు పండించి "మిద్దెతోట" యను మాటకు ప్రచారము తెచ్చిరి. మనకది చెల్లదు. వారికి మిద్దె కలదు. మనకు మిద్దె తలుపున అసోసియేషన్ తాళము కలదు.

దోషము: మూలమున ఎండ ఊసే లేదు. టమాటాకు, వంగకు రోజుకు కనీసము 6 గంటల ఎండ కావలెను. ఎదుటి టవరు నాకు విడిచిపెట్టునది రెండు. కావున పుదీనా, బచ్చలి.

తాత్పర్యము: చీరలు ఆరవేయక మునుపే, తెల్లవారుజామున, చెంబుతో కొద్దికొద్దిగా పోయవలెనని భావము. పైపు నిషిద్ధము.

అనుక్తము: నీటిని గూర్చియే గాని తీగను గూర్చి మూలము మౌనము వహించినది. నా బచ్చలి దిగి దిగి మూడవ అంతస్తు గ్రిల్లు పట్టుకొన్నది. ఆ ఆకు ఎవరిదో తేలకమునుపే నిన్న మధ్యాహ్నము క్రిందినుండి పప్పు తాలింపు ఘుమఘుమ వచ్చినది. క్రిందికి వంగి చూచితిని. తీగకు మూరెడు మేర ఆకు లేదు.