దూరదర్శన రసికుడు

సభాభవనములకు తాళములు పడి, పెండ్లిపందిళ్లలో సన్నాయి మూగవోయి, నెలాఖరున చేతికందు జీతము సగమై, ఇరుగుపొరుగులు ఒండొరులను కిటికీలనుండి మాత్రమే పలుకరించుకొనుచున్న 2020వ సంవత్సరపు కరోనా దినములలో, వీధికొక్కడైనను తప్పక కానవచ్చిన విచిత్రవ్యక్తి దూరదర్శన రసికుడు.

సాయంత్రము ఆరింటికి టీవీలో కచేరీ యన్నచో ఈయన ఐదింటికే స్నానము చేసి, జరీయంచు పంచె కట్టి, ఉత్తరీయము సవరించుకొని, నాలుగడుగుల దూరమున నున్న సోఫాకు సపరివారముగా బయలుదేరును. సభలలో జీవితమంతయు స్తంభము చాటున గడపిన యీ మహనీయునకు ఎట్టకేలకు మొదటి వరుస లభించినది. రెండవ వరుస లేనందున వెనుకనుండి అసూయపడువారు లేరన్నదొక్కటే కొరత. ఆ కొరత తీర్చుటకై అర్ధాంగిని వంటింటి గడపకడ కుర్చీలో కూర్చుండ నియమించును.

ఆదితాళమునకు అక్షరములు ఎనిమిదే యైనను, ఈయన తొడపై అప్పుడప్పుడు తొమ్మిదగును; అగుటయే తడవుగా మృదంగవాద్యకుని వంక కనుబొమలు ముడిచి చూచును. కేబులు తీగెమీద వచ్చు ప్రసారమును, మేడమీది డిష్షు గ్రహించు ప్రసారమును ఒక్క క్షణమున రావు గనుక, పక్కింటాయన ‘భళా’ యని ముందుగనే కేక వేయును. సంగతి వినకమునుపే మెచ్చుకోలు వినవలసి వచ్చుట రసికునకు ఎంతటి తలవంపు! ప్రతీకారముగా ఈయన, గాయకుడు నోరు తెరవకమునుపే శిరఃకంప మారంభించును.

తనియావర్తనము మొదలైనంతనే సభికులు క్యాంటీనుకు లేచిపోవుట మద్రాసు సభల ఆచారము. ఆచారభంగము సహింపని యీయన ఆ సమయమునకు సరిగా వంటింట ప్రత్యక్షమగును.

“ఏమండీ, ఆ మృదంగమాయన పాపం అంత కష్టపడి వాయిస్తూంటే ఇప్పుడే లేచొచ్చారేం?”

“రద్దీ పెరక్కముందే రావాలి కదే! కాఫీ ఇలా ఇయ్యి.”

పుష్య బహుళ పంచమినాడు తిరువైయారునుండి త్యాగరాజారాధన ప్రత్యక్షప్రసారమగునప్పుడు ఈయన విశ్వరూపమును చూడవలెను. కావేరి యొడ్డున విద్వాంసులెల్లరు కూడి పాడు పంచరత్నములతో తానును గొంతు కలిపి, తమిళ గాయకులు తెనుగును విరిచినచోట్ల బిగ్గరగా సరిదిద్దుచు, నాట, గౌళ, ఆరభులను దాటి వరాళికి వచ్చును. వరాళిని గురువు ఎదుట కూర్చుండబెట్టుకొని నేర్పినచో గురుశిష్యులకు ఎడబాటు కలుగునని సంగీతలోకమున నొక నమ్మిక కలదు. ఈయన పాడ నారంభించినంతనే పిల్లలు మేడ యెక్కుటను బట్టి, ఆ నమ్మిక నిరాధారము కాదని తోచుచున్నది.

అయినను ఈ వెర్రి ఆ యింటికి మేలే చేసినది. జీతపు కోతలు, జ్వరముల లెక్కలు దక్క వేరు మాట వినరాని దినములలో, తంజావూరు రాజు పిలుపును కాదని ఉంఛవృత్తితో బ్రతికిన త్యాగయ్య పాట రెండు గంటలసేపైనను ఆ భయములను గుమ్మము వెలుపల నిలిపినది.

ఆ డిసెంబరులో మద్రాసు సభలు కచేరీలను అంతర్జాలమున ప్రసారము చేయుచు కొన్నింటికి టిక్కెట్టు పెట్టగా, జన్మమంతయు కార్యదర్శిగారి పరిచయముచేత పాసుమీదనే ప్రవేశించిన మన రసికునకు ప్రాణసంకటమైనది. అంతర్జాలమునకు ద్వారపాలకుడు లేడు. బ్రతిమాలుటకు వీలు లేదు. తుదకు నిట్టూర్చి, కుమారునిచేత టిక్కెట్టు కొనిపించి, సొమ్ము గిట్టుబాటగుటకై పక్కింటాయననుగూడ ముసుగుతో పిలిచి కూర్చుండబెట్టెను.

ఈయన పలికిన ‘భళా’లలో ఒక్కటియు టీవీ అద్దమును దాటి పోలేదు. పెండ్లిండ్లును కచేరీలును లేక ఇంట కూర్చున్న కళాకారునకు అందినది ఆ టిక్కెట్టు సొమ్మొక్కటే. పాఠకమహాశయులారా, మీ యింటి సోఫాలోను ఇట్టి రసికుడొకడు ఉండకపోడు. ఆయన తాళము తప్పినను మన్నింపుడు, టిక్కెట్టు మాత్రము తప్పనీయకుడు.