1:30కి అందరూ సమానమే

ఈ దేశంలో సమానత్వం ఎక్కడుందని దబాయించేవాళ్లను మే నెల మొదటి ఆదివారం నీట్ సెంటర్ గేటు దగ్గర నిలబెట్టాలి. సరిగ్గా ఒంటిగంటన్నరకు గేటు పడుతుంది. ఏసీ కారులో వచ్చినవాడు నిమిషం లేటైనా బయటే. కోడి కూయకముందే పల్లెవెలుగు ఎక్కి, జిల్లా కేంద్రంలో దిగి, షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చినవాడు లేటైనా బయటే. ఎంత నిష్పక్షపాతం!

డ్రెస్ కోడ్ ఇంకా ముచ్చటైనది. బూట్లు వద్దు, చెప్పులే ముద్దు. వాచీ వద్దు, నగలు వద్దు. పల్లెటూరి పిల్లాడు ఈ రూల్స్ అన్నీ ఒకటో తరగతి నుంచీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. పేదవాణ్ణి దృష్టిలో పెట్టుకుని మన విద్యాశాఖలు తెచ్చిన ఏకైక సంస్కరణ ఇదేనేమో. 2024లోనూ పిల్లల్ని ఇలాగే నిలువునా తడిమి లోపలికి పంపారు. ఆ ఉదయమే హజారీబాగ్‌లో ప్రశ్నపత్రం మాత్రం ట్రంకు పెట్టెలోంచి దర్జాగా షికారుకెళ్లింది. దాన్ని తడిమినవాడు లేడు.

సరే, లోపల అందరికీ ఒకటే పేపరు. ఫిజిక్స్ 45 ప్రశ్నలు, 180 మార్కులు. ఒకడు ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’లో తెల్లారి అయిదింటికి లేచి రుబ్బినవాడు. ఇంకొకడు సర్కారు జూనియర్ కాలేజీ. అక్కడ ఫిజిక్స్ పోస్టు ఖాళీ. గెస్ట్ లెక్చరర్ ఫైలు కదిలి, ఆయన వచ్చేసరికి దసరా సెలవులు. సెలవులయ్యాక చెప్పడం మొదలుపెట్టి, సంక్రాంతి దాటాక ‘ఇక ఇంపార్టెంట్లు చూసుకోండ్రా’ అంటారు. పాపం, ఆయనకొచ్చే జీతమూ పండక్కీ పబ్బానికే!

ఇంజనీరింగ్ వైపు పోదామంటే ఎప్‌సెట్. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, కంప్యూటర్ ముందు. మనవాడు కంప్యూటర్ చూడలేదని కాదు, చూశాడు. హైస్కూల్లో ఆ గది కిటికీలోంచి. లోపల మానిటర్లకు పాత దుప్పట్లు కప్పి ఉండేవి. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని తాళంచెవి హెడ్మాస్టరు గారి బీరువాలో భద్రం. ఇప్పుడు మౌస్ పట్టుకోవడమూ, లెక్క చేయడమూ రెండూ ఆ మూడు గంటల్లోనే నేర్చుకోవాలి.

రాకపోతే మళ్లీ రాసుకోవచ్చుగా అంటారు పెద్దలు. నిజమే, నీట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు. 2022లో గరిష్ఠ వయోపరిమితి కూడా ఎత్తేశారు. లాంగ్ టర్మ్ హాస్టలు ఫీజు కట్టేవాళ్లకు ఇది వరం. కట్టలేని ఇంట్లో ఆడపిల్లకు ఒక్కటే ఛాన్సు. రిజల్ట్స్ వచ్చిన మర్నాడే మేనత్త సంబంధం మోసుకొస్తుంది. ఆ పిల్ల మంగళసూత్రాల బేరం వింటుంటే, టీవీలో కార్పొరేట్ కాలేజీ వాళ్లు ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని ఊపిరాడకుండా ర్యాంకులు అరుస్తుంటారు. ఆ కాలేజీలో చేరి ర్యాంకు రాని వేలమందిని చదివే గొంతు మాత్రం ఇంకా పుట్టలేదు.

మన ప్రభుత్వాలకు ఈ తేడా తెలియదనుకుంటే పొరపాటు. తెలుసు, కొలత కూడా కట్టారు: 0.4. ట్రిపుల్ ఐటీల్లో ఎంట్రన్సు లేదు, పదో తరగతి చూసి తీసుకుంటారు. హాస్టలు లేని సర్కారు బడిలో చదివినవాళ్లకు జీపీఏకి 0.4 కలిపేవారు. దాని పేరు డిప్రివేషన్ స్కోర్. దీన్ని వెటకరిద్దామని కూర్చున్నాను గానీ కలం కదల్లేదు. నూజివీడులో, ఇడుపులపాయలో, బాసరలో కూలోళ్ల పిల్లలు ఇంజనీర్లయింది ఆ ముష్టి 0.4 చలవతోనే. తమిళనాడు 2020లో సర్కారు బడి పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం విడిగా తీసిపెట్టింది. మనవాళ్లకు పక్క రాష్ట్రం సినిమాలు కనిపించినంత తొందరగా జీవోలు కనిపించవు.

అంత పెద్ద కోరికలు ఇప్పుడొద్దులెండి. అయ్యా, జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి ఆ ఫిజిక్స్ లెక్చరర్‌ని వేయించండి. వారం పది రోజులు లేటైనా ఎవరూ ఏమీ అనరు. దసరా దాకా మాత్రం ఆపకండి.