గీకగా మిగిలినదాన్ని

నాది తడ చెక్క. గొడ్డలి కామలకూ, కావడి బద్దలకూ మా చెట్టే కావాలనేవారు ఒకప్పటి వడ్రంగులు. వంచితే వంగుతుంది, వదిలితే లేస్తుంది. సంస్కృతంలో మాకు ధన్వనమని పేరు. ధనుస్సు ఆ పేరులోనే ఉంది.

అయినా నన్ను చీల్చింది విల్లు కోసం కాదు, కావడి బద్ద కోసం. రంపం పెట్టకుండా, పోగు ఎటు పోతే అటు గొడ్డలితో చీల్చారు. చెక్కడం మొదలుపెట్టేలోగా ఊళ్ళోకి కుళాయిలొచ్చాయి, కావళ్ళు మూలపడ్డాయి, నేను అటకెక్కాను. పొయ్యి పొగ తాగుతూ ఏళ్ళకేళ్ళు ఎండాను. ఆ ఎండటమే తర్వాత అక్కరకొచ్చింది. పచ్చి చెక్కతో విల్లు చేస్తే వంచిన వంపులోనే ఉండిపోతుంది, మళ్ళీ లేవదు.

మొన్న వేసవిలో పెద్ద మనవడు సెలవులకొచ్చి, "తాతా, నాకు 45 పౌన్ల విల్లు చేసిపెట్టవా?" అన్నాడు. తాతయ్య తలుపులు చేశాడు, మంచాలు చేశాడు, పెళ్ళిపీటలు చేశాడు. విల్లు చెయ్యలేదు. "కర్ర వంగాలి, అంతేగదరా" అని నన్ను దింపాడు.

మొదటి తప్పు ఆ పూటే జరిగింది. అలవాటు చొప్పున నా వీపు మీద చిత్రిక పట్టాడు. అద్దంలా నున్నగా వచ్చింది. తలుపుకైతే అది అందం, నాకు గండం. విల్లు లాగినప్పుడు అవతలివైపు వీపు సాగుతుంది, లాగేవాడి వైపు పొట్ట నలుగుతుంది. వీపు మీది పోగు ఆ కొస నుంచి ఈ కొస దాకా తెగకుండా ఉండాలి. చిత్రిక నాలుగుచోట్ల పోగుల్ని అడ్డంగా కోసేసింది. కొంచెం వంచగానే గోరంత పేడు లేచింది.

తాతయ్య కాసేపు దాన్ని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. తర్వాత లోపలికెళ్ళి, అమ్మమ్మ చిరుగుల పట్టుచీర తెచ్చి, జరీ తీసేసి, పొడవాటి పట్టీ కోసి, జిగురు పెట్టి వీపంతా అతికాడు. పట్టు నాకు బలమివ్వదు. పేడు లేవకుండా అదిమి పట్టుకుంటుంది, అంతే. ఆ చీర కోసినందుకు ఇంట్లో జరిగిన గొడవ నా కథలోకి రాదు.

అసలు పని అప్పుడు మొదలైంది. గోడకు దిమ్మ బిగించి, నా నడుం దాని మీద పెట్టి, అల్లెతాడుకు కొక్కెం తగిలించాడు. కింద నూతి గిలక, దాని గుండా మోకు, మధ్యలో లాగుడు బలం తూచే కొక్కెం కాటా. ఎనిమిదడుగుల దూరంలో నిలబడి లాగేవాడు. దగ్గర నిలబడితే వంపు తెలియదు. పైగా నేను విరిగితే ముక్కలు ముఖాన కొడతాయి. పన్నెండేళ్ళ మనవరాలు బొగ్గుముక్కతో నా వంపుని గోడ మీద గీసేది. మొదట కనిపెట్టింది ఆ పిల్లే.

"తాతయ్యా, దీని ఎడం రెక్క మోకాలు మడిచినట్టుంది!"

నిజమే. పిడికి జానెడు దూరంలో ఒక్కచోటే మడత పడుతోంది. కుడి రెక్క మాత్రం కొత్త అల్లుడిలా బిగదీసుక్కూర్చుంది. తాతయ్య కళ్ళజోడు సర్దుకుని, వంగిన చోట ఎత్తుందనుకుని అక్కడే ఇంకాస్త గీకాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. మడత ముదిరింది.

చెక్కపనిలో ఎక్కువైతే తీస్తారు, తక్కువైతే అతుకుతారు. విల్లు దగ్గర ఆ రెండో మాట చెల్లదు. నా పొట్ట మీంచి పోయిన పొరను ఏ జిగురూ వెనక్కి తేలేదు. పైగా లెక్క కూడా దొంగలెక్క. వెడల్పు పదో వంతు తగ్గితే బలం పదో వంతే తగ్గుతుంది. మందం పదో వంతు తగ్గితే పావు వంతుకు పైగా పోతుంది. తాతయ్య గీకింది మందం.

రెండు రోజులు నన్ను ముట్టుకోలేదు. మూడోనాడు పొద్దున్నే మడత చుట్టూ పెన్సిల్‌తో గిరి గీసి, "ఈ గీత దాటితే నా చెయ్యి నరుక్కుంటా" అన్నాడు. బాడిస, చిత్రిక పక్కన పెట్టి గాజుపెంకు అందుకున్నాడు. గీత లోపల తాకకుండా మిగతా రెక్కంతా, తర్వాత రెండో రెక్కంతా పొరలు పొరలుగా గీకాడు. నాలుగుసార్లు గీకడం, ముప్పైసార్లు లాగి వదలడం. చెక్కకి మతిమరుపు, తీసిన పొర సంగతి కొన్నిసార్లు వంచితేగాని గుర్తుకు రాదు. వంపు సమంగా వచ్చినంత వరకే లాగేవాడు, ఆ పైన అంగుళం కూడా లాగేవాడు కాదు. సాయంత్రానికి రెండు రెక్కలూ ఒకేలా వంగాయి. కాటా 31 పౌన్లు చూపించింది.

మనవడి ముఖం వాడిపోయింది. రెండు కొసలూ రెండేసి అంగుళాలు తెగ్గోశాడు తాతయ్య. పొట్టిదైతే విల్లు బిగుస్తుంది. 66 అంగుళాలదాన్ని 62కి వచ్చాను, 35 పౌన్లకి ఎక్కాను. ఆ ముచ్చట ఒక్క రాత్రే. మర్నాడు పాత మడత దగ్గర, పొట్ట మీద, వెంట్రుకంత సన్నని ముడత అడ్డంగా కనిపించింది. వీపు మీద పేడు లేస్తే అదిమి ఆపొచ్చు. పొట్టలో పోగు నలిగితే ఇక నిటారు కాదు.

మనవడు ఫోనులో వెతికి చదివి వినిపించాడు. 1545లో ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు విలువిద్య మీద 'టాక్సోఫిలస్' అనే పుస్తకం వేశాడట. ముడత కనబడగానే దాని చుట్టుపక్కల గీకి, అవి కూడా అంతే వంగేట్టు చేస్తే ముడత అక్కడే చచ్చిపోతుందని అందులో ఉందట.

"ఒకడు నీరసంగా ఉంటే ఊరందర్నీ పస్తు పెట్టమన్నట్టుందిరా" అని నవ్వాడు తాతయ్య. నవ్వుతూనే గాజుపెంకు తీశాడు.

ఒక మాట చెప్పుకోనివ్వండి. శివధనుస్సు విరిగిందని లోకమంతా రాముడి బలం పొగిడింది. తరతరాలు పెట్టెలో పడి ఎండిన విల్లుని ఒక్కసారిగా ఎక్కుపెట్టి లాగితే ఇంకేమవుతుంది? మెల్లగా అలవాటు చేసుంటే బతికేదేమో. సీతమ్మ పెళ్ళికి అడ్డు పడాలని కాదు, మా జాతి తరఫున అడుగుతున్నాను.

చివరికి అల్లెతాడు నా నడుం మీంచి కాకుండా పక్కకి జరిగి నడిచింది. అల్లెతాడు తగిలించే ఎడమ కొప్పుని ఆకురాయితో ఒకవైపు రెండు పాళ్ళు లోతు చేస్తే దారికొచ్చింది. ఇన్ని తప్పుల్లో తేలిగ్గా తీరింది అదొక్కటే.

ముడత పెరగలేదు. కాటా 24 దగ్గర ఆగింది. మనవడు ఒకసారి ఎక్కుపెట్టి చూసి, "ఇది నాకు బొమ్మలా ఉంది తాతా" అని నన్ను చెల్లెలి చేతికిచ్చి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆ పిల్ల చెయ్యి సాచినంత వరకు నేను వంగుతాను. ఆటయ్యాక అల్లెతాడు దించి, అడ్డంగా రెండు మేకుల మీద పడుకోబెడుతుంది. నా మీంచి గీకిన చెక్కపొట్టు అంతా నీళ్ళపొయ్యి కిందికి పోయింది.

నిన్న దొడ్లో, 15 మీటర్ల నుంచి ఆరు బాణాలు వేసింది. నాలుగు గడ్డిమోపుకి తగిలాయి. అయిదోది పక్కింటి బీరపాదులో దొరికింది. ఆరోదాని కోసం తాతయ్య ఇంకా వెతుకుతున్నాడు.